అమ్మ మాటలు అయిపోయాక వచ్చే సంగీతం

మా చిన్నప్పుడు... అమ్మ మాకు క్యాసెట్లో ఉండేది.

నిజమేనండీ. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ కువైట్ వెళ్లింది, అరబ్బుల ఇంట్లో పనికి. రాజోలు దగ్గర మా ఊళ్లో అప్పటికే వీధికి ఇద్దరు ముగ్గురు అలా వెళ్లినవాళ్లే. ఇంట్లో నేను, నాన్న, మామ్మ. నాన్న కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్లేవారు.

ఒకసారి సెలవుకొచ్చిన ఎదురింటి అత్తతో అమ్మ ఒక టేపురికార్డరు, ఒక క్యాసెట్టు పంపింది. ముగ్గురం చాప మీద కూర్చున్నాం. నాన్న బటన్ నొక్కేరు.

"అత్తయ్యా, వందనాలండీ... బుజ్జీ, అన్నం తిన్నావా?"

మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనైతే "తిన్నానమ్మా" అని టేపురికార్డరుకే జవాబు చెప్పేను!

అమ్మ చెప్పినవన్నీ మంచి సంగతులే. ఇల్లంతా చల్లగా ఉంటుందట... మేడమ్ గారు మంచావిడట... ఆవిడ అలాంటిదే కొత్తది కొనుక్కుని పారేస్తున్న పాత క్యాసెట్టు అడిగి తీసుకుని, మళ్లీ రికార్డయ్యేలా పైనున్న చిల్లులకి కాగితం అంటించి దాని మీద మాట్లాడిందట.

"ఇందులో వాళ్ల మ్యూజిక్ ఉందండీ. నేను ఇస్త్రీ చేసే గదిలో రోజూ ఇదే పెడతారు. ఇంక ఉంటానండీ..."

టక్‌మని చప్పుడు. వెంటనే... వయొలిన్లు! ఒకటీ రెండూ కాదు, ఎన్నో. ఉరిమినట్టు పెద్ద డ్రమ్ములు. అంతలోనే అన్నీ ఆగిపోయి ఒక్క పిల్లనగ్రోవి...

"అదేం గోలరా, ఆపు" అంది మామ్మ.

"ఉండనీ అమ్మా. సుగుణ రోజూ వినేది ఇదేనంట కదా" అన్నారు నాన్న.

అది ఇరవయ్యో శతాబ్దంలో రాసిన ఆర్కెస్ట్రా సంగీతమని పెద్దయ్యాక తెలిసింది నాకు. అప్పటికి చర్చిలో హార్మోనియం, డోలక్ తప్ప ఎరగం. దీనికి పల్లవీ లేదు, చరణమూ లేదు. అయినా రోజూ సాయంత్రం అమ్మ మాటలు అయిపోయాక కూడా నాన్న ఆపేవారు కాదు. కళ్లు మూసుకుని, "ఇప్పుడు మీ అమ్మ చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటాది" అనేవారు. ఎక్కడ డ్రమ్ము మోగుతుందో, ఎక్కడ పిల్లనగ్రోవి వస్తుందో నాకు కంఠతా వచ్చేసింది...

నా పదో ఏట అమ్మ సెలవుకి వచ్చింది. చూడ్డానికొచ్చిన వాళ్లంతా వెళ్లిపోయాక, నేను గొప్పగా ఆ మ్యూజిక్ పెట్టేను. మురిసిపోతుందనుకున్నా.

అమ్మ టీ గ్లాసు కింద పెట్టేసింది. "ఆపు బుజ్జీ."

"అదేంటి? నీకిష్టం కదా" అన్నారు నాన్న.

"ఇష్టమని ఎప్పుడన్నానండీ? అది వస్తున్నంతసేపూ నిలబడే ఉండాలి. కూర్చుంటే మేడమ్ ఊరుకోదు. ఏడ్చినా ఆ చప్పుడులో ఎవరికీ వినపడేది కాదు."

"మరి బాగున్నానని చెప్పేవేంటే?" అన్నారు నాన్న.

"మీరందరూ చుట్టూ కూర్చుని వింటుంటే... ఇంకేం చెప్పమంటారండీ?"

మామ్మ మెల్లగా వెళ్లి, అమ్మ కాళ్లు తన ఒళ్లోకి తీసుకుంది.

"వద్దత్తయ్యా, తప్పండీ..."

"ఊరుకోవే" అంటూ అలా నొక్కుతూనే ఉంది... ఇద్దరి కళ్లల్లోనూ నీళ్లే.

నాన్న ఇంక వెళ్లొద్దన్నారు. కానీ అమ్మ పంపే డబ్బుతో కడుతున్న ఇల్లు స్లాబు దగ్గర ఆగిపోయి ఉంది. అమ్మ మళ్లీ వెళ్లింది, ఈసారి వేరే ఇంటికి. తర్వాతి క్యాసెట్లలో జ్వరమొస్తే జ్వరమొచ్చిందనీ, తిడితే తిట్టేరనీ చెప్పేది. మామ్మ టేపురికార్డరు ముందు కూర్చుని వాళ్లకి శాపనార్థాలు పెట్టేది. వినడం కష్టంగానే ఉండేది... కానీ అమ్మ మాకు నిజంగా దగ్గరైంది అప్పుడే.

ఇప్పుడన్నీ వీడియో కాల్సే కదండీ. అక్కడున్న మన ఆడపిల్లలు తల దువ్వుకుని, నవ్వుతూ కనిపిస్తారు. "బాగున్నాం" అంటారు. "ఆయ్" అని మనమూ నవ్వేసి ఫోన్ పెట్టేస్తాం...

మీ ఇళ్లకీ అలా దూరం నుంచి గొంతులొచ్చేవా? వాళ్లు మనకి చెప్పకుండా దాచుకున్నదేంటో... తిరిగొచ్చేక ఎప్పుడైనా అడిగేరా?