డాక్టరుకు నేను చెప్పిన మాట

ఇరవై ఏళ్లు దాటింది, ఒక మాటను మోస్తున్నాను. పెద్ద మాటేమీ కాదు. మరాఠీలో రెండే పదాలు. అవి నా నోట్లోంచి వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్లు. మా ఆయనకు చెప్పలేదు. పిల్లలకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ఈసారి కూడా మాట మార్చేస్తానేమో.

మా బాపు పెద్దపల్లి దిక్కు నుంచి చంద్రపూర్‌కు బొగ్గుగని పనికి వచ్చాడు. లాల్‌పేట్ దగ్గర ఒక బస్తీలో రెండు గదుల ఇల్లు. గనిలో మందుగుండు పేల్చే పని చేసి చేసి ఆయన చెవులు దాదాపు పోయాయి. మా నాన్నను బాపు అన్నట్టే అమ్మను అవ్వ అంటాను. ఆమెకు తెలుగు తప్ప మరో భాష రాలేదు. బజారులో వేలు చూపించి కూరగాయలు కొనేది. నేను మరాఠీ బడిలో చదివాను. మొదట్లో నా మాట విని పిల్లలు నవ్వేవాళ్లు. కొన్నేళ్లకు క్లాసులో మొదటి నంబరు నాదైంది. ఆ మధ్యలోనే ఎప్పుడో ఇంట్లో తెలుగు మాట్లాడటం తగ్గించేశాను. కావాలనే చేశానా? అప్పుడు అడిగితే లేదనేదాన్ని. రేషన్ ఆఫీసులో, బడిలో, ఆస్పత్రిలో వాళ్లిద్దరి నోరు నేనే. అవతలివాళ్లకు ఏది చెప్పాలో, ఎంత చెప్పాలో నేనే తేల్చేదాన్ని. అది అలవాటైపోతుంది.

నేను పదో తరగతిలో ఉండగా, దీపావళి సెలవుల తర్వాత, అవ్వ నేలకు చెవి పెట్టడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి వెనక గదిలో బండల మీద బోర్లా పడుకుని ఉండేది. చెంప నేలకు ఆనించి, కళ్లు తెరిచి. మొదటిరోజు చచ్చిపోయిందనుకున్నాను. పిలిస్తే కదలకుండా పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"కింద ఏదో ఇరుగుతుంది బిడ్డా," అంది. "ఎండుకట్టె ఇరిగినట్టు సప్పుడు. ఆగుతది. మల్ల ఇరుగుతది."

మా బస్తీ కింద ఎప్పుడో మూసేసిన పాత గని ఉందని అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. అవ్వ ఇంటింటికీ వెళ్లింది. మరాఠీ ఆడవాళ్లకు నేలను చూపించి, రెండు చేతులతో కట్టె విరిచినట్టు చేసి చూపించింది. వాళ్లు పిల్లల్ని లోపలికి లాక్కున్నారు. వారం తిరగకుండా మా క్లాసులో ఒక అమ్మాయి నేల మీద పడుకుని చెవి ఆనించి నన్ను చూసి నవ్వింది.

బాపుకు వినపడదు. కానీ గనిలో బతికినవాడు, నమ్మాడు. ఇల్లు విడిచి ఊరికి పోదామన్నాడు. ఊరికి పోతే నేను తెలుగు బడిలో చేరాలి. అప్పటికి నాకు తెలుగు అక్షరాలు రావు, ఇవి నేర్చుకున్నది చాలా తర్వాత. ఇక్కడ మొదటి నంబరు, అక్కడ ఒకటో తరగతి పిల్లకంటే తక్కువ. ఇప్పుడు రాస్తుంటే ఆ భయం చాలా చిన్నదిగా కనిపిస్తోంది. అప్పుడు నాకు అంతకంటే పెద్దది ఏదీ లేదు.

నిద్ర లేక, తిండి లేక అవ్వ నీరసించిపోయింది. బలానికి మందు రాయించుకుందామని బాపు ఆస్పత్రికి తీసుకెళ్లాడు. బాపు బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల డాక్టరు, అవ్వ, నేను.

అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "గా సప్పుడు ముచ్చట జెప్పు బిడ్డా. పెద్దసారు గదా, ఈయన జెప్తే సర్కారోళ్లు ఇంటరు. ఇండ్లు కూలుతయని జెప్పు."

"ఆమెకు ఆవాజ్ వినిపిస్తోంది," అన్నాను మరాఠీలో. ఆ భాషలో ఆవాజ్ అంటే చప్పుడూ అవుతుంది, గొంతూ అవుతుంది. అంతవరకు అబద్ధం లేదు.

డాక్టరు పెన్ను ఆపాడు. "కుణాచా ఆవాజ్?" ఎవరి గొంతు అని.

ఎవరిదీ కాదు, నేలది అనొచ్చు. ఆ మాటలు నాకు వచ్చు. క్లాసులో మొదటి నంబరు నాది.

"మెలేల్యా మాణసాంచా," అన్నాను. చచ్చిపోయిన మనుషులది.

"నేను చెప్పిందే జెప్పినవా?" అంది అవ్వ.

"ఆ. గదే."

డాక్టరు చాలాసేపు రాశాడు. బలం మందు కాదు, వేరే మాత్రలు. జబ్బు ఆమె తలలో ఉందని బాపు చెవిలో అరిచి చెప్పాను. ఆయన ఊరి మాట మళ్లీ ఎత్తలేదు. దారిలో డాక్టరు ఏమన్నాడని అవ్వ అడిగింది. ఒక అబద్ధం నిలబడాలంటే రెండోది కావాలి కదా. "గవి మనుషుల గొంతులంట అవ్వా. నీకొక్కదానికే ఇనవడ్తయంట," అన్నాను.

కాదంటుందనుకున్నాను. పోట్లాడుతుందనుకున్నాను. ఆమె నా ముఖంలోకి చూసి, "మనుషులా," అంది మెల్లగా. చదువుకున్న బిడ్డ చెప్పింది. నమ్మింది.

మర్నాటి నుంచి నేల మీద ఇంకా ఎక్కువసేపు పడుకునేది. ఇప్పుడు భయంతో కాదు. దూరంగా ఎవరో పిలుస్తుంటే అందుకోవాలని చూసేవాళ్లలా. "మాటలు సాఫ్ వస్తలేవు బిడ్డా," అనేది. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఒక పేరు చెప్పింది. నేను పుట్టకముందు గనిలో పైకప్పు కూలి చనిపోయిన మనిషి పేరు. తర్వాత ఇంకో పేరు. ఆ తర్వాత జవాబులు ఇవ్వడం మొదలైంది. మాత్రలకు నాలుక మొద్దుబారినా బండలతో గంటలు గంటలు తెలుగులో మాట్లాడేది. నేను ఆమెతో మాట్లాడని మాటలన్నీ అక్కడ మాట్లాడేది. మధ్యలో ఆగేది, అవతల ఎవరో పూర్తి చేసేదాకా. నేను ముందు గదిలో పుస్తకం పట్టుకుని ఆ ఆగడాన్ని వింటూ కూర్చునేదాన్ని.

ఇంకొకటి ఉంది. రాయకుండా దాటేద్దామనుకున్నాను.

ఆస్పత్రికి వెళ్లడానికి రెండు వారాల ముందు అవ్వ బలవంతంగా నన్ను పక్కన పడుకోబెట్టుకుంది. చల్లటి బండ. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది. ఎండుకట్టె విరిగినట్టు, ఒక్కసారి, లోతుగా. చెంపకు తగిలింది. నేను లేచి ముఖం కడుక్కుని ట్యూషన్‌కు వెళ్లాను.

విన్నాను. విని కూడా అన్నాను.

రెండేళ్ల తర్వాత, వానాకాలం మొదట్లో, ఒక పొద్దున వెనక గది నేల మోకాలి లోతు దిగిపోయింది. గోడ చీలింది. వెనకున్న రెండిళ్లూ కుంగాయి. ఎవరూ పోలేదు. మాత్రల మత్తులో పడుకున్న అవ్వను బాపు బయటికి లాగాడు. ఆమె తుంటి విరిగింది. కింద గని పైకప్పును మోసే బొగ్గు స్తంభాలు ఎప్పటినుంచో విరుగుతూ ఉండి ఉంటాయని చూడటానికి వచ్చినవాళ్లు అన్నారు. పక్కింటి మరాఠీ ఆవిడ ఏడుస్తూ నా చేతులు పట్టుకుంది. మీ అమ్మ చెప్పింది నిజమే, మేమే వినలేదు, ఈ మాట ఆమెకు చెప్పు అంది. అవ్వ అక్కడే మంచం మీద ఉంది. ఏమంటుంది అన్నట్టు నా వైపు చూసింది.

"నీకు జల్ది నయం కావాలె అంటుంది," అన్నాను.

ఇప్పుడు బాబుపేట్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. బాపు లేడు. నేను బడిలో మరాఠీ చెబుతాను. మా కింద ఒక కుటుంబం ఉంది, వాళ్ల కింద ఇంకొకటి, ఆ కింద మట్టి. అయినా అవ్వకు వినిపిస్తూనే ఉంటాయి.

పోయిన నెల ఆమె పక్కన కూర్చుని చెప్పాను. తెలుగు తడబడింది, మధ్యలో మరాఠీ దొర్లింది. "అవ్వా, ఆ దినం నేను డాక్టరుకు అబద్ధం జెప్పిన. మనుషులు ఎవరు లేరు. నువ్వు చెప్పిందే నిజం. నేలనే ఇరుగుతుండె."

ఆమె నా తల నిమిరింది. "లేదు బిడ్డా. ఉన్నరు. నువ్వే గదా జెప్పినవ్." గొంతు తగ్గించింది. "మెల్లగ మాట్లాడు. ఇంటరు."

నన్ను క్షమించాలంటే ముందు నేను అబద్ధం చెప్పానని ఆమె నమ్మాలి. ఆమె నన్ను అలా అనుకోలేదు, ఎప్పటికీ అనుకోదు. కొత్త డాక్టరుకు కూడా అంతా చెప్పాను. ఇన్నేళ్ల మందుల తర్వాత మొదట జబ్బు ఉండేదో లేదో ఎవరూ చెప్పలేరన్నాడు.

నేను చెప్పగలను. మా అవ్వకు పిచ్చి లేదు. ఉందని చెప్పింది నేను.