రెండు కాగితాలు తారుమారైన పాట

సెరంగూన్ మాల్‌లో, నడిచే దారికి అడ్డంగా, నేనొకప్పుడు మైదా జిగురుతో కాగితం అంటించిన పాటల రికార్డును అద్దాల పెట్టెలో పెట్టారు. మనవరాలు లాక్కెళ్తే వెళ్ళాను. జిగురు కారి పచ్చబడ్డ మరకకి కూడా లైటు వేశారు. ఒకాయన పాత అట్టకవరు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ కవర్లలోంచి మేం రోజూ బొద్దింకలు దులిపేవాళ్ళం.

గోడ మీద మా కంపెనీ వారసత్వం అని ఇంగ్లీషులో పెద్దగా రాశారు. కంపెనీ అంటే సైకిళ్ళు బాగుచేసే కొట్టు పైన ఒక గది. అందులో ఇద్దరం: తౌకే అని అందరూ పిలిచే మా చీనా యజమాని, నేను. డిస్కో పనైపోయిందని పెద్ద కంపెనీలు వదిలేసిన రోజులవి. వయొలిన్ వాళ్ళని పిలిచే స్తోమత లేక ఆయన ఒక డ్రమ్ మెషీన్, ఒక సింథసైజర్, ఒక గొంతు పెట్టుకుని డాన్సు పాటలు చేశాడు. మా లేమికి ఇప్పుడు శైలి అని పేరు పెట్టారు.

రికార్డులు ఫ్యాక్టరీ నుంచి నడుమ ఉత్త తెల్ల కాగితంతో వచ్చేవి. పాట పేరు, పాడినవాళ్ళ పేరు అచ్చువేసిన కాగితం దాని మీద అంటించడం నా పని. ఏ రికార్డుకి ఏ కాగితమో తెలియాలంటే రికార్డు మీద గీతల్లా ఉండే గాళ్ళ చివర గీకిన నంబరు చూడాలి. నాకు అక్షరమూ రాదు, అంకెలూ రావు. ఆ సంగతి తౌకేకి చెప్పలేదు. రికార్డుని కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకునేవాణ్ణి. గొంతు ఆగి డ్రమ్ము ఒక్కటే మోగేచోట గాళ్ళు నల్లటి వలయంలా కనిపిస్తాయి. తౌకే పాట చేస్తుంటే వినేవాణ్ణి కనుక ఏ పాటలో ఆ వలయం ఎక్కడ పడుతుందో నాకు తెలుసు. కాగితాలు రంగును బట్టి పోల్చుకునేవాణ్ణి. చదువుకున్నవాళ్ళ కన్నా నేనే గట్టివాణ్ణని లోలోపల పొగరు కూడా ఉండేది.

ఒక వారం రెండు పాటలు ఒకేసారి వచ్చాయి. ఒకటి హోటల్లో పాడే ఒకావిడది. రెండోది సెంబవాంగ్‌లో మా క్వార్టర్స్ పిల్లది. వాళ్ళ నాన్నా మా నాన్నా నౌకల బాగుసేతలో ఒకేచోట పనిచేసినవాళ్ళు. రెండు రికార్డుల్లోనూ నల్ల వలయం ఒకేచోట పడింది. పెట్టి విందామంటే రికార్డు ప్లేయరు తౌకే గదిలో ఉంది. నంబరు చూసుకోకుండా పాట వినడమెందుకని ఆయన అడుగుతాడు. అందుకని గుడ్డిగా అంటించేశాను. తారుమారయ్యాయి.

మా క్వార్టర్స్ పిల్ల పాడిన పాట ఊరంతా మోగింది, హోటలావిడ పేరుతో. హోటలావిడ నోరు మెదపలేదు. పిల్ల వచ్చి ఏడిస్తే తౌకే నన్ను పిలిచి నంబర్లు చూశావా అని అడిగాడు. చూశానన్నాను. నంబర్లే తప్పు గీకారని ఆయన ఫ్యాక్టరీవాళ్ళని తిట్టాడు. అప్పటికే రికార్డులు అమ్ముడైపోయాయి. తౌకే తనని మోసం చేశాడని ఆ పిల్ల నమ్మింది. మళ్ళీ ఎక్కడా పాడలేదు. తౌకే పోయేదాకా ఆయన్ని తిడుతూనే ఉంది.

అరవై దాటాక మేముండే ఫ్లాట్ల బ్లాకు కిందనే జరిగే క్లాసులో నేను ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి మాల్‌లో అద్దం కింద చీటీ చదవగలిగాను. హోటలావిడ పేరే ఉంది. మా పాత పాటలన్నీ కలిపి మళ్ళీ రికార్డు వేస్తున్న కుర్రాడు అక్కడే ఉన్నాడు, ముప్పయ్యేళ్ళుంటాయి. జరిగింది చెప్పాను. వాడి మొహం వెలిగిపోయింది. అంకుల్, ఇది అద్భుతమైన కథ, మీరు జిగురు బ్రష్షు పట్టుకుంటే వీడియో తీస్తాం అన్నాడు. పేరు మారుస్తావా అంటే, కొనేవాళ్ళందరికీ ఆ పాట ఆ పేరుతోనే తెలుసని నసిగాడు. చివరికి, అచ్చుకి వెళ్ళేలోగా నేనూ, పాట పాడిన ఆ పిల్లా రాసి సంతకాలు పెట్టి ఇస్తే చూస్తానన్నాడు. వాడంటే అసహ్యం వేసింది. నా అబద్ధం కంటే వాడిదేమీ పెద్ద తప్పు కాదని తెలిసి ఇంకా అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్నే సెంబవాంగ్ వెళ్ళాను. మా క్వార్టర్స్ పిల్ల ఇప్పుడు ముసలిదై అక్కడే మూడో అంతస్తులో ఒక్కతే ఉంటోంది. నేను చేసిందీ, కుర్రాడు అడిగిన కాగితం సంగతీ గుమ్మంలోనే చెప్పేశాను.

"సదువు రాదని ఒక్క మాట సెప్పుంటే ఏటయ్యేదన్నియ్యా?"

"సిగ్గేసింది సెల్లెమ్మా."

"నీ సిగ్గుకి నా గొంతు మూసీసినావు. ఆ తౌకేని నోటికొచ్చినట్టు తిట్టినాను. నువ్వు పక్కనుండి ఇన్నావు."

కూర్చోమనలేదు. తనే బల్ల మీద కాగితం పెట్టి రాయమంది. కాగితాలు తారుమారు చేశానని రాసి చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

"నంబరు సూసినానని అబద్దం సెప్పినావు గదా. అదేదీ? రాయి."

రాశాను. నా చెయ్యి నెమ్మది. నాలుగు వాక్యాలకి అరగంట పట్టింది. నా సంతకం కింద ఆమె కూడా సంతకం పెట్టి, టీ కూడా అడక్కుండా పంపేసింది. అడిగినా నేను తాగగలిగేవాణ్ణి కాదు.

కుర్రాడు కాగితం చదివి, ఇద్దరి పేర్లూ పక్కపక్కన వేస్తానన్నాడు. అలా ఉంటే మరీ ఆసక్తిగా ఉంటుందట. ఆమెకి ఫోను చేసి చెప్పాను.

"పాడింది నానొక్కర్తిని. నా పేరొక్కటీ ఎయ్యమను. నేదంటే పాటే తీసీమను."

ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు గొడవ ఎందుకనుకున్నాడు. పాటే తీసేశాడు. ఆ స్థానంలో, అప్పట్లో తౌకే బాగాలేదని పక్కన పడేసిన చెత్త ఒకటి వేసి, ఎవరూ వినని అరుదైన పాట అని రాసుకున్నాడు.

పోయిన నెల రికార్డు వచ్చింది. ఆమెకి ఫోను చేసి వెనక అట్ట మీదున్న పాటలన్నీ పేర్లతో సహా ఒక్కొక్కటే చదివాను. ఆమె పేరు లేదు. ఆ పాటే లేదు కనుక దాని పక్కన హోటలావిడ పేరూ లేదు. అయిపోయిందా అని అడిగింది. అయిపోయిందన్నాను. ఇంకోసారి చదవమంది. మొదటి నుంచీ చదివాను.