రెండు శనక్కాయ గింజలు

మా వీధి బాగుపడుతుందని అందరికంటే ముందు నమ్మినవాణ్ణి నేనే. ఇప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే ఒళ్లు మండుతుంది. ఆ మంట ముందు నా మీదే.

మార్కాపురంలో మాది పలకల పనివాళ్ల వీధి. బడిపిల్లల చేతుల్లోంచి పలకలు పోయాక షెడ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. టిఫిన్ హోటలు పోయింది, సైకిల్ షాపు పోయింది, సత్తువ ఉన్నవాళ్లంతా పని వెతుక్కుంటూ ఊళ్లు పట్టిపోయారు. మా అమ్మ పడుచు వయసంతా ఆ షెడ్లలో ఒకదానిలోనే పలకలకు చెక్క చట్రాలు బిగించింది. అది మూశాక దాని గోడ ముందే గంప పెట్టుకుని శనక్కాయలు అమ్మింది. ఆ గంప మీదే నేను చదువుకుని గుమాస్తానయ్యాను.

మా వైపు శనక్కాయ నోట్లో వేసుకోకుండా ఎవరూ కొనరు. అందుకు అనుమతి కూడా అడగరు. వచ్చినవాళ్లు ఒక కాయ చిదిమి, గింజ కొరికి చూసి, ఆ తర్వాతే బేరం మొదలుపెడతారు. ఎవరైనా మొహమాటపడితే మా అమ్మ తనే కాయ వలిచి చేతిలో పెట్టేది. "తిని చూడు నాయనా, బాగలేకుంటే తీసుకోబాక" అనేది. తినిపించకుండా అమ్మడం ఆమె లెక్కలో మోసం.

రెండేళ్ల కిందట అమ్మ పనిచేసిన ఆ షెడ్డును ఎవరో కొని, అద్దాల తలుపులు పెట్టి, ఏసీలు బిగించి, పెద్ద సూపర్ మార్కెట్ చేశారు. తెరవడానికి ముందు మేనేజరు వీధివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడాడు. ఇలాంటి స్టోరు వస్తే చుట్టూ వ్యాపారం పెరుగుతుందన్నాడు, వీధి దశ తిరుగుతుందన్నాడు. బదులుగా ఒక్కటే అడిగాడు. కార్లు ఆపడానికి చోటు కావాలి కాబట్టి అమ్మలాగా గంపలు పెట్టుకున్నవాళ్లంతా ముందు నుంచి లేవాలి. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి ఒప్పించింది నేను.

"సరేలే నాయనా, చదువుకున్నోడివి, నువ్వు చెప్తే నిజమే అయ్యుంటాది" అని అమ్మ గంప ఎత్తుకుని స్టోరు వెనక్కి, మురిక్కాలవ పక్కకు పోయింది. మిగతావాళ్లు ఆమె వెంట నడిచారు.

అబద్ధమెందుకు, రోడ్డు వేశారు. లైట్లు వచ్చాయి. మా వీధి ఆడపిల్లలు ఇద్దరు బిల్లింగులో కూర్చున్నారు. కానీ కార్లలో వచ్చేవాళ్లు దిగి లోపలికి పోతారు, సంచులతో బయటికొస్తారు, తలుపు వేసుకుని వెళ్లిపోతారు. పక్కనున్న టీ బంకు వైపు కూడా తల తిప్పరు. ఏసీల వేడిగాలి మాత్రం నేరుగా గంపల మీదికి కొడుతుంది. ఇదా బాగుపడటం? వీధికి రంగు వేసి, వీధిలోవాళ్లను వెనక్కి నెట్టారు. నెట్టడానికి చెయ్యి అందించింది నేను.

ఒకరోజు అమ్మ తాను పనిచేసిన చోటు ఎట్లా ఉందో చూద్దామని మొదటిసారి లోపలికి వెళ్లింది. పెట్టెలోని మంచి చీర కట్టుకుంది. చెప్పులు అద్దాల తలుపు బయటే విడిచింది. లోపల తొట్టెల్లో వలిచిన శనక్కాయ గింజలు పోసి ఉన్నాయి. అలవాటుగా రెండు తీసి నోట్లో వేసుకుని, కొరికి, అరచేతిలోకి ఉమ్మింది. పక్కనున్నవాళ్లతో "ఇవి ముక్కిపోయినయి, తీసుకోబాకండి" అని చెప్పింది. ఆమె దృష్టిలో అది ఉపకారం. సెక్యూరిటీవాడు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

ఎవరో ఫోన్ చేస్తే ఆఫీసు నుంచి పరుగెత్తుకుని వచ్చాను. అమ్మ తలుపు పక్కన స్టూలు మీద ఉత్త కాళ్లతో కూర్చుని ఉంది. పిడికిలి ఇంకా మూసే ఉంది. చుట్టూ జనం. మేనేజరు నాకు కెమెరాలో బొమ్మ చూపించాడు.

"చూడండి సార్, బిల్లు వేయకముందే తినింది. మేము దొంగతనమనే అంటాం. పైగా సరుకు బాగలేదని కస్టమర్లకు చెప్తా ఉంది."

అమ్మ నా వైపు చూసింది. ఆమె ముఖంలో భయం లేదు, నేను వచ్చాననే ధైర్యం ఉంది.

"నువ్వు చెప్పు నాయనా, ముక్కినయ్యా లేదా? వాసన చూడు" అని పిడికిలి విప్పింది.

నేను చూడలేదు.

"సారీ సార్, పెద్దావిడ. ఆమెకు తెలీదు" అన్నాను.

ఆమెకు తెలియకపోవడమేంటి? శనక్కాయ గురించి ఆ భవనంలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? ఆ గోడల మధ్య ఆమె రెక్కలు అరిగిపోయినప్పుడు ఈ మేనేజరు ఎక్కడున్నాడు? ఇవన్నీ ఆ రోజు అరిచి అడగాల్సినవి. ఇంటికొచ్చాక గోడలకు చెప్పుకున్నాను. స్టోరు బయట అమ్మ చెప్పులు తొడుక్కుని, ఇంటిదాకా నాకంటే ముందు నడిచింది.

వారం తిరక్కముందే ఆ తొట్టె ఖాళీ చేసి కొత్త గింజలు పోశారని బిల్లింగు పిల్ల చెప్పింది. అమ్మకు మాత్రం ఎవరూ వచ్చి తప్పయిందని అనలేదు. నేను కూడా అనలేదు.

ఆమె ఇప్పటికీ కాలవ పక్కన గంప పెట్టుకుంటుంది. వచ్చినవాళ్లకు కాయ వలిచి చేతిలో పెట్టడం మానేసింది. ఎవరైనా రుచి అడిగినా "తూకం వేసేదా?" అంటుంది, అంతే.

మొన్న పొద్దున మా ఆవిడ పచ్చడికి శనక్కాయ గింజలు వేయించి పళ్లెంలో ఆరబోసింది. అమ్మ వంటింట్లోకి వచ్చి, పళ్లెం మీదికి చెయ్యి చాపి, మధ్యలోనే ఆపేసింది. గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగింది.

"రెండు గింజలు తినొచ్చా, నాయనా?" అని అడిగింది.