సొర పన్ను

ఆయన ఎప్పుడూ కూర్చోడు. ప్రొద్దుటూరులోని మా నగల అంగడికి వస్తే టీ కూడా అటూ ఇటూ తిరుగుతూనే తాగుతాడు. గల్ఫ్‌లో చేపల పడవ మీద పనిచేసి వచ్చాడట. నిలకడ లేని మనిషిని మేం బంగారు పనివాళ్లం నమ్మం.

ఒకరోజు మేకులాంటి తెల్లటి పన్ను నా ముందు పెట్టాడు.

"మాకో అంటారప్పా ఈ సొరచేపను. బాణం మాదిరి పోతాది. ఈదేది నిలిపితే ఊపిరాడక సస్తాది. నోరు మూసినా పండ్లు బయటికే ఉంటాయి. నెత్తురు గూడా నీళ్లకంటే వెచ్చగుంటాది. దీనికి బంగారు కట్టు వెయ్యి, నా బిడ్డ మెడలోకి."

చేపకు వెచ్చటి నెత్తురా! ఇంక పన్నును కూడా నమ్మలేకపోయాను. గీటురాయి మీద గీయడానికి ఇది బంగారం కాదు. ఆయన టీ చెప్పడానికి బయటికి పోగానే సూది ఎర్రగా కాల్చి గుచ్చాను. ప్లాస్టిక్ కంపు రాలేదు. ఎముక కాలిన వాసన వచ్చింది. పంటి మీద నల్లటి చుక్క పడింది.

తలెత్తితే ఆయన గడపలో ఉన్నాడు, మొదటిసారి కదలకుండా.

"సూసుకున్నావా అప్పా?" అని, పన్ను తీసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

బంగారమైతే ఆ మచ్చను మెరుగు పెట్టి పోగొట్టేవాణ్ణి.