రాజమల్లు కలలో మోగిన రూఫ్

2017 ఎండాకాలం. మంచిర్యాల జిల్లా అయి ఇంకా ఏడాది నిండలేదు. బొగ్గుబావుల కాలనీలో ఒక డిస్పెన్సరీలో స్టాఫ్ నర్సుగా చేరి నాకు అప్పటికి ఆరేళ్లు. మాది హుజూరాబాద్ దగ్గర వ్యవసాయ కుటుంబం. భూమి మీద పనిచేసినవాళ్లే తప్ప భూమి లోపలికి దిగినవాళ్లు మా ఇళ్లలో లేరు. ఇక్కడి రోగాలు అర్థం కావాలంటే ముందు ఇక్కడి పనులు అర్థం కావాలని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యమో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పది మంచాల వార్డు, ఒక డాక్టరు, ఇద్దరు నర్సులం, ఒక ఆయమ్మ. నైట్ షిఫ్ట్ దిగినవాళ్లు నిద్రమాత్రల కోసం వరసకట్టేవారు. మా ఎండల్లో పగటిపూట కన్ను మూతపడటమంటే మాటలు కాదు. నాకేమో నోరు ఎక్కువ. "కూలర్ల నీళ్లు పోసుకో అన్నా, మాత్రలెందుకు" అని సగం మందిని గుమ్మంలోంచే తిప్పి పంపేదాన్ని.

రాజమల్లును అలా పంపలేకపోయాను. ఎందుకంటే ముందు వచ్చింది ఆయన కాదు, ఆయన భార్య లచ్చవ్వ.

"పగటీలి పండుకుంటడు సిస్టరమ్మా. కన్ను మలిగిందో లేదో గోడకు కొట్టుడు షురూ జేస్తడు. మూడుసార్లు కొడ్తడు, ఆగుతడు, చెవి పెట్టి ఇంటడు. గప్పుడు ముఖం జూస్తె నవ్వుతుంటది. నాకైతె పానం జల్లుమంటది."

"లేపకపోయినవా అక్కా?"

"పిలిస్తె లేవడు. పట్టుకొని ఊపితేనే లేస్తడు."

ఆ మాటను నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. మొద్దు నిద్రేమో అనుకున్నాను.

రాజమల్లు బావిలో సర్దార్. బయటివాళ్లకు ఆ పని తెలియదు కాబట్టి చెబుతాను. బొగ్గు తవ్వే చోట తల మీదుండే రాతిని రూఫ్ అంటారు. పని మొదలయ్యే ముందు సర్దార్ ఇనుప పొన్ను వేసిన కర్రతో ఆ రూఫ్‌ను కొట్టి చూస్తాడు. గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల పొర విడిపోతే డొల్లగా పలుకుతుంది. రూఫ్ బాగుందని ఆయన చెవి చెప్పాకే మనుషులు దాని కింద అడుగుపెట్టాలి. "రూఫ్ చూశాను, క్షేమం" అని పుస్తకంలో సంతకం పెట్టేది కూడా ఆయనే. రాజమల్లు సంతకం కింద ఆ రోజుల్లో ఎనిమిది మంది పనిచేసేవారు.

మర్నాడు ఆయనే వచ్చాడు. యాభై ఏడేళ్లు, బక్కపలచని మనిషి, శుభ్రంగా గీసుకున్న గడ్డం. కల సంగతి అడిగితే కాసేపు సిగ్గుపడి, తర్వాత చెప్పాడు.

"కలల గూడ బాయిల్నె ఉంట బిడ్డా. కర్రతోటి కొడ్త. ఎంత మంచిగ మోగుతదనుకున్నవ్! గుడిగంట లెక్క. 'ఇగ పోండ్రి' అంట. ఎనిమిది మంది ఒక్కొక్కలే లోపటికి పోతరు. మల్ల రారు."

"తర్వాత?"

ఆయన నా పెదవులనే చూస్తున్నాడు. నేను మళ్లీ అడిగాను.

"నేను మూడుసార్లు కొడ్త. పైకెల్లి మూడుసార్లు కొడ్తరు. రూఫ్ పైకెల్లి! ఆడ మనుషులుండే జాగ కాదు గద. నేను మల్ల కొడ్త, వాళ్లు మల్ల కొడ్తరు. సాఫ్ వినవడ్తది బిడ్డా. ఒక్కొక్క దెబ్బ."

మిట్ట మధ్యాహ్నం, నిండుగా జనం ఉన్న డిస్పెన్సరీ. అయినా నా చేతుల మీద రోమాలు లేచాయి. భయం కప్పిపుచ్చుకోవడానికి తల దించుకుని చీటీ రాస్తూ, "పైన ఎవలో కిరాయికి దిగినట్టున్నరు" అన్నాను. ఆయన నవ్వలేదు. నా పరాచికం నచ్చలేదేమో అనుకున్నాను.

డాక్టరు పని ఒత్తిడి అన్నారు. ఒకరోజు వార్డులో పడుకోబెట్టి చూద్దామన్నారు. మర్నాడు నైట్ షిఫ్ట్ దిగి, స్నానం చేసి, రాజమల్లు నేరుగా వచ్చి గోడ పక్క మంచం మీద పడుకున్నాడు.

పదిన్నర ప్రాంతంలో ఆయమ్మ చేతిలోంచి పెద్ద స్టీలు ట్రే జారి, కత్తెరలతో సహా బండల మీద పడింది. వార్డు అదిరిపోయింది. జ్వరంతో ఉన్న ముసలాయన లేచి కూర్చుని బూతులు అందుకున్నాడు. రాజమల్లు మాత్రం కనురెప్ప కదపలేదు. ఆ ట్రే ఆయన తలకు రెండు అడుగుల దూరంలో పడింది.

ఐదు నిమిషాల తర్వాత ఆయన ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచింది. అరచెయ్యి గాలిలోనే దేనికో ఆనించినట్టు ఆగింది. కుడి చేతి వేళ్లు మంచం ఇనుప పట్టీ మీద మూడుసార్లు కొట్టాయి. తల ఓ పక్కకు వంచి విన్నాడు. విని, నవ్వాడు. అంత పెద్ద చప్పుడు వినని మనిషి ఏం విని నవ్వుతున్నాడో నాకు అప్పుడు తట్టింది. పిలిస్తే లేవడన్న లచ్చవ్వ మాట కూడా అప్పుడే అర్థమైంది.

ఆయన లేచి, నాకు వీపు పెట్టి కూర్చుని చాయ్ తాగుతుంటే వెనకనుంచి మామూలు గొంతుతో, "రాజమల్లన్నా, నీ బనీను మీద తేలున్నది" అన్నాను. ఆయమ్మ కెవ్వుమంది. ఆయన చాయ్ తాగుతూనే ఉన్నాడు.

ఎదురుగా వెళ్లి కూర్చున్నాను. "చెవులు ఎప్పటిసంది వినవడ్తలేవు?"

గ్లాసు కింద పెట్టాడు. "పోయిన వానకాలం కెల్లి. దగ్గర కూసుంటె మాటలు తెలుస్తయి. సప్పుళ్లే కలిసిపోతున్నయి. ఏది గట్టిదో, ఏది డొల్లనో..."

"మరి రూఫ్ ఎట్ల జూస్తున్నవ్?"

"ఒక చెయ్యి ఆనిచ్చి కొడ్తె అదురు తెలుస్తది." అరచెయ్యి చూపించాడు.

"చెయ్యి అందనికాడ?"

ఆయన తువ్వాల మడత పెట్టుకున్నాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు.

డాక్టరుకు చెప్పాలన్నాను. ఆయన రెండు చేతులూ జోడించాడు. "ముప్పై ఏండ్ల సంది డ్రిల్లుల మధ్య పని జేసిన. చెవి పోయిన సర్దార్‌ను ఎవడు దేకుతడు బిడ్డా? నువ్వు చెప్తె నా ఇజ్జత్ పోతది. నేనే చెప్త. ఇయ్యాల డ్యూటీ ఒక్కటి పోయి రానీ. రేపు మేనేజర్ ముంగట నిలవడి నేనే చెప్త."

నేను సరేనన్నాను. ఇప్పటికీ సిగ్గుపడే సంగతి ఇదే. తండ్రి వయసు మనిషి చేతులు జోడించేసరికి కరిగిపోయాను. ఒక్క షిఫ్టే కదా అనుకుని, కేస్ షీట్‌లో "నిద్రలేమి, పని ఒత్తిడి" అని రాసి, డ్యూటీ దిగి క్వార్టర్‌కు వెళ్లి పడుకున్నాను.

కలలో మా వార్డే. మంచాలన్నీ నిండి ఉన్నాయి. అందరి ముఖాల మీదా దుప్పట్లు. నేను వరసగా నాడి చూస్తూ, చార్టుల్లో "నార్మల్" అని రాసుకుంటూ పోతున్నాను. నాడి అందరికీ చక్కగా ఆడుతోంది. అంత చల్లటి చేతుల్లో అంత చక్కగా ఎందుకు ఆడుతోందని నాకు అనుమానం రావడం లేదు. ఎనిమిదో మంచం దగ్గర వేళ్ల కింద మూడుసార్లు కొట్టుకుని ఆగింది. మళ్లీ మూడుసార్లు. నేను అక్కడ కూడా "నార్మల్" అని రాశాను. నా రాతను చూసి నేనే లేచాను.

సాయంత్రం ఐదు. జడ కూడా వేసుకోకుండా డాక్టరు క్వార్టర్‌కు పరుగెత్తి అంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టి, మేనేజర్‌కు ఫోన్ చేశారు. ఆ రోజు రాజమల్లును బావి గేటు దగ్గరే ఆపేశారు.

ఆయన బదులు దిగిన సర్దార్ అన్ని చోట్లా కర్రతో కొట్టి చూసుకుంటూ వెళ్లాడట. నాలుగు దారులు కలిసే కూడలిలో, చెయ్యి అందని ఎత్తులో, రూఫ్ డొల్లగా పలికింది. వెంటనే మనుషులను వెనక్కి తీసి, దారి మూసి కట్టించాడు. తెల్లవారేలోపు ఆ కూడలి మొత్తం కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ ఎనిమిది మందీ రోజూ టిఫిన్ డబ్బాలు విప్పేది ఆ కూడలి కిందేనని డాక్టరు నాకు తర్వాత చెప్పారు. ఆ రూఫ్ క్షేమమని మూడు రోజులుగా రాజమల్లు సంతకం ఉంది.

ఆయనకు చెవుల పరీక్ష చేయించి, బావిలోకి దిగకుండా భూమి పైన పని ఇచ్చారు. రెండు నెలలు నా ముఖం చూడలేదు. దారిలో ఎదురైతే అవతలి పక్కకు దాటేవాడు. నాకు బాధగా ఉండేది, కోపంగానూ ఉండేది. వానలు మొదలయ్యాక ఒకరోజు బీపీ మాత్రల కోసం వచ్చి, నా ఎదుటే కూర్చున్నాడు.

పెదవులు కనిపించేలా మెల్లగా అడిగాను. "కల ఇంక వస్తున్నదా?"

"వస్తది బిడ్డా. గదే జాగ, గదే కర్ర. కొడ్త. ఇప్పుడు సప్పుడు లేదు."

"మరి ఆ ఎనిమిది మంది?"

"ఉన్నరు. కూసొని తింటుంటరు. నోర్లు ఆడుతుంటయి. నన్ను జూసి నవ్వుతరు గూడ. ఏమంటున్నరో ఇనరాదు." మాత్రలు జేబులో వేసుకుని, "వాళ్లు తిని లేచేదాక నేను ఆడ్నే నిలవడ్త" అన్నాడు.

ఆ తర్వాత నిద్రమాత్రలకు వచ్చినవాళ్లను ఎవరినీ నేను గుమ్మంలోంచి తిప్పి పంపలేదు. కూర్చోబెట్టి, ఏం పని చేస్తారని అడుగుతాను, కలలో ఆ పని ఎలా జరుగుతోందని అడుగుతాను. పని చెడిపోయినట్టు, బండి తప్పినట్టు, పై అధికారి తిట్టినట్టు కలలు వచ్చేవాళ్ల గురించి నాకు పెద్దగా దిగులు ఉండదు. కలలో అంతా మంచిగా జరుగుతోందని చెబితే మాత్రం పెన్ను పక్కన పెట్టి, మేలుకుని ఉన్నప్పుడు ఎలా జరుగుతోందో ఒకటికి రెండుసార్లు అడుగుతాను. జవాబు చెప్పకుండా తువ్వాల మడత పెట్టుకునే మనిషిని ఆ రోజు డ్యూటీకి పోనివ్వను. ఎంత బతిమాలినా, నా మీద ఎంత కోపం పెట్టుకున్నా సరే.