అయ్యగారు ఇవ్వని గిన్నె

తడిసిన జంఖానా వాసన తగిలితే నాకు నేల మీద జంఖానాలు పరిచే, వడమాలపేటలోని మా ప్రార్థన మందిరం గుర్తుకొస్తుంది. మొన్న నాయుడుపేటలో, నేను పనిచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్ వెనక ఆరేసిన జంఖానా పక్కగా వెళ్తుంటే దావీదు అయ్యగారు ఎదురొచ్చినట్టే అయింది. ఆయన మా పాస్టరు. ఇప్పుడు లేరు.

మా సంఘంలో నమ్మిక కుదిరిన పెద్దవాళ్లకే, నిండా నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. మా అక్క మెట్టినింటివాళ్లది పసిబిడ్డల నుదుట నీళ్లు చల్లే సంఘం. ఆమె తొలిబిడ్డ బాప్తిస్మానికి చుట్టాలందరినీ పిలుచుకున్నాక, వానకు వాళ్ల చర్చి పైకప్పు కూలింది. మా మందిరం అడగడానికి అక్క నన్ను వెంటబెట్టుకుని వచ్చింది. కాదంటే ఇక అత్తగారింట్లో ఆమె పుట్టింటి మాట ఎత్తడానికి ఉండదు.

మా సంఘ పెద్ద యోబు అడ్డుపడ్డాడు. "ఈరోజు మందిరమిస్తే, రేపు మన పిలకాయలు ఏది నిజమని అడగరా అయ్యగారూ?"

"అడిగితే సెప్తాం లేప్పా. అడుగుతారని పసిబిడ్డను వానలో పెడతామా?" అని ఆయన అక్క వైపు తిరిగారు. "సూడమ్మా, ఈ బాప్తిస్మాన్ని నేను లెక్కబెట్టను. వాడు పెద్దోడై నమ్మితే నీళ్లలో ముంచుతా. ఈ మాట ఈరోజూ సెప్తా, రేపూ సెప్తా."

అక్క నవ్వింది. "రేపటిది రేపు సూద్దాం అయ్యగారూ. ముందు తాళమియ్యండి."

ఆదివారం మా ఆరాధన ముగిశాక వాళ్లొచ్చారు. మేము మనుషుల్ని ముంచే తొట్టి మీద చెక్కలు పరిచి ఉంటాయి. వాళ్ల పాస్టరు సరిగ్గా వాటి మీదే నిలబడ్డారు. ఆ తంతుకు ఆమెన్ అనలేనని అయ్యగారు వసారాలో కుర్చీ వేసుకున్నారు. తీరా చూస్తే వాళ్లు నీళ్ల గిన్నె మరచి వచ్చారు. వాళ్ల పాస్టరు బయటికొచ్చి అయ్యగారినే అడిగారు.

అయ్యగారు తల అడ్డంగా ఊపారు. "నా సేత్తో ఇయ్యలేనప్పా. ఇస్తే ఒప్పుకున్నట్టే. మా వంటింటి తలుపు తీసే ఉండాది. పోయి కావాల్సింది తెచ్చుకోండి."

"మీ ఇంటామె కొడితేనో?"

"కొడితే ఆ దెబ్బలు మీ సంఘానివి."

ముందు వాళ్ల పాస్టరే నవ్వారు. ఆ నవ్వుతోనే వంటింట్లోకి వెళ్లి గిన్నె తెచ్చుకున్నారు. భోజనాల వేళ అయ్యగారు సాంబారు బకెట్ పట్టుకుని వరసలన్నీ తిరిగారు. అక్క తినేదాకా బిడ్డ ఆయన భుజం మీదే నిద్రపోయాడు. యోబు కాసేపు దూరంగా నిలబడి, తర్వాత నీళ్ల జగ్గు అందుకున్నాడు.

ఇప్పుడు ఫ్యాక్టరీలో వేరే జట్టు పద్ధతి నాకు నచ్చకపోతే, ఎక్కడ నచ్చలేదో, ఎందుకో, వాళ్లకే చెప్తాను. వాళ్ల యంత్రం ఆగితే పానా పట్టుకుని ముందు నేనే వెళ్తాను. మనసులో మాట దాచుకుంటేగానీ కలిసి మెలగడం కుదరదని చాలామంది అనుకుంటారు. అయ్యగారిని చూసినవాణ్ణి, నాకా భయం లేదు.