దిష్టి తీయించుకోని పిల్లి

కలోతీనా చేతులు చూసినవాళ్ళు ఆవిడ ముళ్ళకంపలు నరుక్కుని బతుకుతోందనుకుంటారు. నిజానికి ఆవిడది మెత్తటి పని. మగవాళ్ళు సముద్రం అడుగునుంచి కోసుకొచ్చిన స్పంజిని ఒళ్ళో పెట్టుకుని, గొర్రెల ఉన్ని తీసే కత్తెరలాంటి పెద్ద కత్తెరతో దాన్ని గుండ్రంగా, అందంగా కత్తిరించడం. గ్రీసు దేశంలోని ఆ కాలిమ్నోస్ దీవిలో సగం మంది ఆడవాళ్ళు చేసేదే. పెళ్ళయిన ఏడాది మొదలుపెట్టిన పని. మొగుడు పోయినా మానలేదు, పెద్దకొడుకు పోయినా మానలేదు. గుమ్మంలో పీట వేసుకుని కూర్చుందంటే ఆ సందులోంచి పోయే ప్రతివాళ్ళూ ఆవిడకు సమాధానం చెప్పుకుని పోవలసిందే. ఎవరింటికి చుట్టాలొచ్చారో, ఎవరి మేక ఎవరి నిమ్మమొక్క మేసిందో ఆవిడకు తెలియనిది లేదు. తెలియనిదల్లా సొంత పిల్లి తనను ఎందుకు కరుస్తోందన్నదే.

పిల్లి పేరు రూసా. ఎర్రటి ఒళ్ళు, తెల్లటి మూతి. రేవులో చేపల బుట్టల మధ్య పడి అరుస్తుంటే కలోతీనా ఏప్రన్‌లో వేసుకుని ఇంటికి తెచ్చింది. పాలు పట్టింది, సార్డీన్ చేపకు ముల్లు తీసి తినిపించింది, చలికాలమంతా తన దుప్పట్లో పడుకోబెట్టుకుంది. అది పిల్లకూనగా ఉన్నప్పుడు దుప్పటి కింద వేళ్ళు ఆడించేది. అది వేళ్ళమీదికి దూకి కొరికితే ఇల్లు ఎగిరిపోయేలా నవ్వేది. పాలపళ్ళు గుచ్చుకుంటే చక్కిలిగింతలే. పళ్ళు గట్టిపడ్డాక ఆవిడ నవ్వు ఆగిపోయింది గానీ, ఆట మాత్రం పిల్లికి గుర్తుండిపోయింది.

కలోతీనాను కాల్చుకు తిన్నది కాటు కన్నా ఇంకోటి. కోడలు థెమెలీనా ఆ పిల్లిని ఎత్తుకోదు, ముద్దు చెయ్యదు. చేప తలకాయ ఓ మూల పడేసి తన పని తాను చూసుకుంటుంది. అలాంటి కోడలి కాళ్ళకు చుట్టుకుని తిరుగుతుంది రూసా. ఒక్క గీత పెట్టదు. కళ్ళల్లో పెట్టుకు చూసుకుంటున్న తనకు మాత్రం మణికట్టు నుంచి మోచేతి దాకా గీతలే.

"నీలో ఏం చూసిందే అది?" అని ఒకసారి ఉక్రోషం పట్టలేక అడిగింది.

"నేను దాన్ని చూడను కదత్తయ్యా, అందుకే నచ్చుంటాను" అంది కోడలు. మాటకు మాట అప్పజెప్పడం ఆ పిల్లకు ఉగ్గుపాలతో అబ్బింది.

ఆ ఏడు ఈస్టర్ ముందు, కుడిచేతి చూపుడువేలి మీద పడ్డ కాటు చీము పట్టింది. వేలు వాచిపోయి కత్తెర పిడిలో దూరలేదు. "పిల్లి కాటు చిన్నదని చూడకూడదమ్మా, లోతుకు దిగుతుంది. కరవగానే సబ్బుతో కడుక్కుని రావాలి" అని డాక్టరు కసిరి, ఇంజెక్షన్ పొడిచి, కట్టు కట్టి పంపాడు. చిన్నకొడుకు, థెమెలీనా మొగుడు సకెల్లారిస్ ఆ కట్టు చూసి, భోజనం బల్ల దగ్గరే తేల్చేశాడు.

"అమ్మా, ఇంక చాలు. పండగ వెళ్ళాక మా పడవ బయల్దేరుతుంది. ఈలోపు ఇంకొక్కసారి నీ చేతిమీద రక్తం కనబడిందా, దాన్ని గోనెలో వేసుకుపోయి దారిలో ఆ మేకలదిబ్బ లంక మీద దింపేస్తాను."

"అక్కడ చుక్క నీళ్ళుండవురా!"

"బల్లులుంటాయి. తిని బతుకుతుంది."

"బల్లులు తిని నువ్వు బతుకు, చూద్దాం."

కొడుకు నవ్వలేదు. అతను అన్నాడంటే అన్నట్టే చేస్తాడు. పిల్లిమీద అతనికి పగేమీ లేదు. తాను వేసవంతా ఆఫ్రికా ఒడ్డున స్పంజికోసం సముద్రంలో మునిగి ఉంటే, ఇక్కడ అమ్మ చెయ్యి కుళ్ళిపోతే ఏం గతి అన్నదే అతని బాధ. అది కలోతీనాకూ తెలుసు. అందుకే ఎదురు చెప్పకుండా పిల్లిని దారిలో పెట్టే పనిలో పడింది.

సలహాలకు ఆ సందులో కరువా? "కరవగానే చెప్పు తీసి మూతిమీద ఒక్కటియ్యి" అంది పక్కింటి సెవస్తీ. ఇచ్చింది. రూసా ఆ రోజంతా మంచం కింద నక్కి, సాయంత్రం అదే చెప్పు వేసుకున్న కాలిని కొరికింది. ఇంకెవరో చేతులకు వెనిగర్ రాసుకోమన్నారు. రాసుకుంది. పాత గీతలు భగ్గున మండి తనే కేకలు పెట్టింది. ఆ కేకలకు పిల్లి హడలిపోయి ఇంకో గీత గీసి పారిపోయింది. అది కొడుకు కంట పడకుండా ఆవిడ ఎండలోనూ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరిగింది.

ఒక మధ్యాహ్నం కలోతీనా గుమ్మంలో కూర్చుని ఉంది. రూసా ఒళ్ళో ముడుచుకుని పడుకుంది. లోపల థెమెలీనా చిక్కుళ్ళు వలుస్తోంది. అటుగా పోతూ సెవస్తీ ఆగింది.

"అబ్బబ్బ, ఏం మెరిసిపోతోందే నీ పిల్లి! ఆ రంగేంటీ, ఆ తోకేంటీ!"

మెచ్చుకోలు చెవిన పడ్డాక దిష్టి తియ్యకుండా ఊరుకోవడం ఆ దీవిలో ఎవరివల్లా కాదు. పసిపాప అయినా, కొత్త పెళ్ళికూతురైనా, విరగకాసిన నిమ్మచెట్టైనా సరే. కలోతీనా ఎప్పటిలాగే పిల్లి మొహమ్మీదికి వంగి "ఫ్తూ, ఫ్తూ, ఫ్తూ!" అని ముమ్మారు ఉమ్మింది. తడి ఉమ్మి కాదు, ఉత్త గాలే. రూసా చెవులు తలకు అంటుకుపోయాయి. తోక టపటపా కొట్టుకుంది. మరుక్షణం పంజా విసిరి, గోడ దూకి మాయమైంది.

సెవస్తీ తన దారిన పోయాక కోడలు బయటికి వచ్చి గడపమీద కూర్చుంది.

"అత్తయ్యా, ఒక మాటంటాను, కోప్పడకండి. మీరు దాని మొహాన ఉమ్ముతున్నారు."

"ఉమ్మొద్దా మరి? దాని కళ్ళు మంచివి కావు, సెవస్తీవి."

"అది కాదు. సందులో రెండు పిల్లులు ఎదురుపడితే ఏం చేస్తాయి?"

"ఏం చేస్తాయి, కొట్టుకుంటాయి."

"కొట్టుకునే ముందు?"

"ఇదిగో, ఇలా ఒళ్ళంతా పెంచి..." కలోతీనా భుజాలు ఎగదీసి, పళ్ళు బయటపెట్టి చూపించబోయింది. "ఫ్ఫ్..."

అక్కడ ఆగిపోయింది. తన నోట్లోంచి వచ్చింది తనకే వినబడింది.

"అదీ సంగతి" అంది థెమెలీనా. "మీరు ముద్దు చేస్తున్నామనుకుంటారు. అదేమో పాపం, ఇప్పుడే గురగురలాడుతూ పడుకున్నాను, ఈవిడ నామీదికి యుద్ధానికొచ్చిందేంటి అనుకుంటుంది. చెప్పుదెబ్బ తగిలాక ఇంకా బెదిరిపోయింది. చూసి చూసి నాకే జాలేస్తోంది."

"అయితే మానెయ్యమంటావా?"

"మానెయ్యండి."

కలోతీనా మొహం మాడ్చుకుని లోపలికి పోయింది. కోడలికి చెప్పడం సులువే. ఆ పిల్ల ఈ ఇంట కాలు పెట్టేనాటికే నోమికోస్ లేడు. నోమికోస్ ఆవిడ పెద్దకొడుకు. ఎవరిదో పెళ్ళిలో వాడు ఆడుతుంటే జనం తమ ఆట ఆపి మరీ చూశారు. "నీ కొడుకులాంటి వాడు ఈ దీవిలో లేడే" అని ఎవరో చెవి దగ్గర అన్నప్పుడు కలోతీనా నోటినిండా బాదంపప్పు మిఠాయి ఉంది. నమిలి మింగి ఉమ్మేలోపు మాట దాటిపోయింది. ఆ వేసవిలోనే నోమికోస్ లోతునుంచి మరీ తొందరగా పైకి వచ్చి, నెత్తురులో గాలిబుడగలు కట్టి, పడవమీదే ప్రాణం వదిలాడు. సముద్రం మగవాళ్ళను తినడం అక్కడ కొత్త కాదని అందరూ ఓదార్చారు. ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. ఆ తరవాత మెచ్చుకోలు వినబడితే చాలు, మనిషా మొక్కా అని చూడకుండా ఉమ్ముతూనే ఉంది.

అయినా మేకలదిబ్బ గుర్తొచ్చి కోడలి మాట విన్నది. మొదట్లో పెదాలు బిగబట్టుకుని కూర్చుంటే ప్రాణం గిలగిల్లాడేది. చివరికి తనే ఒక ఉపాయం కనిపెట్టింది. ఎవరైనా రూసాను పొగిడితే దాన్ని మెల్లగా కింద దింపి, పెరట్లోకి పోయి, బావిగోడకేసి ముమ్మారు ఉమ్మి వచ్చేది. "మీ అత్తగారికి కడుపులో ఏమైనా తిప్పుతోందా?" అని సెవస్తీ థెమెలీనాను ఆరా తీసింది.

మిగతావి కోడలే ఒక్కొక్కటీ నేర్పింది. వేళ్ళతో ఆడించవద్దంది, కత్తిరించగా రాలిన స్పంజి ముక్కకు దారం కట్టి ఈడిస్తే దానిమీద దూకుతుంది, కసి అంతా దానిమీద తీర్చుకుంటుంది. ఒళ్ళో ఉన్నప్పుడు తోక ఆడిందంటే చాలన్నట్టు. ఇంకా నిమరాలని మనకున్నా దానికి లేదు, చెయ్యి తీసెయ్యాలి. కరిచినా అరవకూడదు, కొట్టకూడదు. చెయ్యి లాక్కోకూడదు, లాక్కుంటే ఎలకనుకుని ఇంకా గట్టిగా పడుతుంది. కదలకుండా ఉంటే అదే వదులుతుంది. "మొగుణ్ణి కూడా ఇంత శ్రద్ధగా చూసుకోలేదే నేను" అని విసుక్కుంటూనే కలోతీనా అన్నీ చేసింది. పండగ వచ్చేసరికి చేతులమీద గీతలు తెల్లబడ్డాయి. రూసా మళ్ళీ ఆవిడ దుప్పట్లో చేరింది. ఆ సంబరం ఆవిడ ఎవరికీ చెప్పలేదు గానీ, జాకెట్టు చేతులు మోచేతుల పైదాకా మడుచుకుని ఊరంతా తిరిగింది.

పడవ బయల్దేరే రోజు పొద్దున్నే సందులో జనం చేరారు. సకెల్లారిస్ కొత్త చొక్కా తొడుక్కుని, మూట భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు, పక్కనే థెమెలీనా. కలోతీనా పీటమీదే ఉంది. రూసా ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది. అతను తల్లి చేతులు చూశాడు, పిల్లిని చూశాడు.

"బుద్ధొచ్చినట్టే ఉందే దీనికి."

"బంగారంరా అది."

ఆ మాటకు సెవస్తీ వెనకనుంచి అందుకుంది. "బంగారం పిల్లేంటే, నీ కొడుకు! ఆ భుజాలు చూడు. ఇంతటివాడు ఈ ఏడు ఏ పడవమీదా లేడు!"

కలోతీనా పెరటివైపు చూసింది. పెరట్లోకి పోవాలంటే లేవాలి. లేవాలంటే పిల్లిని దింపాలి. అంతలో ఆనాటిలాగే మాట దాటిపోతుంది. ఇక్కడే ఉమ్మితే కొడుకు కళ్ళముందే రక్తం కారుతుంది, గోనెసంచి వస్తుంది. ఒళ్ళో ఉన్న ప్రాణమూ ఆవిడదే, ఎదురుగా నిలబడ్డ ప్రాణమూ ఆవిడదే.

ఆవిడ కుడిచేతిని రూసాతో సహా ఏప్రన్ కిందికి లాక్కుని, కొడుకు మొహంలోకి చూస్తూ "ఫ్తూ! ఫ్తూ! ఫ్తూ!" అని గట్టిగా ఉమ్మింది.

ఏప్రన్ కింద పళ్ళు వేలి మధ్యకు దిగాయి. ఆవిడ లాక్కోలేదు. కనురెప్ప కూడా వెయ్యలేదు. సకెల్లారిస్ దీవెన కోసం వంగి, ముద్దు పెట్టుకోవడానికి కుడిచెయ్యి అడిగితే, ఎడమచేత్తో అతని మెడ కిందికి వంచి నుదుటిమీద ముద్దు పెట్టి, "పో, ఆలస్యమైతే నీ కప్తాను తిడతాడు" అంది. నీలి ఏప్రన్ మీద చిన్న మచ్చ ఒకటి నల్లగా పైకి తేలింది. థెమెలీనా చూసింది. చూసి, మొగుడికీ అత్తకూ మధ్యకు వచ్చి నిలబడి, అతని చొక్కా కాలరు సర్దింది. సర్దినదాన్నే మళ్ళీ సర్దింది.

అతను సందు మలుపు తిరిగాడు. జనం వెంట నడిచారు. రూసా తనంతట తనే వేలు వదిలి, కిందికి దూకి, కొంచెం దూరంలో కూర్చుని ఇద్దరినీ అనుమానంగా చూసింది. కోడలు సబ్బు, నీళ్ళు, గుడ్డ తెచ్చి అత్తగారి ముందు కూర్చుంది. కలోతీనా కళ్ళు మలుపు మీదే ఉన్నాయి.

"నేను ఉమ్మింది వాడి దాకా చేరిందంటావా?"

"చేరిందత్తయ్యా" అంది థెమెలీనా, కట్టు బిగిస్తూ. "పక్కనే ఉన్నాగా, నామీదా పడింది."